తీరం దాటాకే మనకు ముసురు

తుపాను తీరం దాటిందని టీవీలో చెప్పగానే చెన్నైలో భయం తగ్గుతుంది. కోలారు జిల్లా ఆవనిలో రాగి కోసిన రైతుకు మాత్రం వాన అప్పుడే మొదలు.

నైరుతి వానలు పడమటి కనుమల్లోనే చాలావరకు కురిసిపోయి, కోలారు మెట్టకు పలచగా వస్తాయి. అక్టోబరులో గాలి తిరుగుతుంది. అక్కడి నుంచి డిసెంబరు దాకా మనకు పెద్ద వానలు తెచ్చేవి బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలే. చెన్నై తీరం ఇక్కడికి నేరుగా సుమారు 200 కిలోమీటర్లు. తీరం దాటిన వాయుగుండానికి గాలి జోరు తగ్గినా తేమ మిగిలే ఉంటుంది. పడమరకు జరుగుతూ ఒకటి రెండు రోజులు ముసురు పెడుతుంది. 2021 నవంబరు 19న పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటిన వాయుగుండం అలాంటిదే. ఆ నెల వానలకు జిల్లాలో రాగి, కూరగాయలు బాగా దెబ్బతిన్నాయి.

అందుకే అల్పపీడనం ఏర్పడిందన్న రోజే పని మొదలుపెట్టండి. మామూలుగా రెండు మూడు రోజుల వ్యవధి దొరుకుతుంది.

రాగి: ఇంకా కోయకపోతే కోత ఆపండి. నిలబడ్డ పైరు కంటే నేల మీది పనలకే నష్టం ఎక్కువ. కోసినవి ఆరి ఉంటే మెరక మీద, వెన్నులు లోపలికి వచ్చేలా కుప్ప వేసి టార్పాలిన్ కప్పండి. చుట్టూ కాలువ తీయండి. తడి పనలను కుప్ప వేస్తే వేడెక్కి మొలకెత్తుతాయి.

టమాటా: దోరకాయలు ముందే కోసి మండీకి పంపండి. ఊతకర్రలు బిగించండి, చాళ్ళలో నీరు నిలవనీయకండి. వాన ముందు మందు కొట్టినా, యూరియా చల్లినా డబ్బు నీళ్ళపాలే.

కూలీలు: ముసురు పడితే పని ఉండదు. కుప్పలు వేసే రోజుల్లోనే గిరాకీ, కాబట్టి కూలి ముందే మాట్లాడుకోండి.

బీమా: ఫసల్ బీమా కట్టి ఉంటే, కోసి ఆరబెట్టిన పంటకు తుపాను, అకాల వర్షాల నుంచి కోత తర్వాత 14 రోజుల దాకా రక్షణ ఉంటుంది. నష్టం జరిగిన 72 గంటల్లోగా 14447కు ఫోన్ చేయాలి. ఫొటోలు తీసి ఉంచుకోండి.

వాతావరణ శాఖ సలహాలు మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో వస్తాయి. కోతకు మనుషులను పిలిచే ముందు ఒకసారి చూడండి.