జుట్టు నాటించుకునే ముందు తెలుసుకోవలసిన విషయములు



కొంతకాలం క్రిందట ఒక తల్లి తన కుమారుణ్ణి మా డ్రెస్సింగు గదికి తీసుకొని వచ్చారు. టోపీ తీయగానే వాసన వచ్చింది. తల వెనుక భాగమంతా చీము పట్టి ఉంది. పట్నంలో ఒకచోట హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకొని పన్నెండు రోజులయిందట.

"ఎవరు చేశారు బాబూ?" అని అడిగాము.

"డాక్టరుగారు వచ్చి నుదుటి మీద గీత గీసి వెళ్ళిపోయారండీ. తరువాత ఎవరెవరో చేశారు" అన్నాడు.

ఆ డాక్టరు పేరు తెలియదు. ఏ మత్తు ఇంజెక్షన్ ఎంత ఇచ్చారో చీటీ లేదు. "సంబంధాలు తప్పిపోతున్నాయని గాజులు కుదువపెట్టి డబ్బు కట్టాను సిస్టరుగారూ" అని ఆ తల్లి కన్నీరు పెట్టుకున్నారు. మూడు వారాల డ్రెస్సింగులతో పుండు మానింది. మచ్చ పడినచోట మాత్రం ఇక జుట్టు రాదు.

బట్టతల వలన కలిగే బాధను మేము చులకన చేయము. మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట వైపు నుండి విజయవాడకో, హైదరాబాదుకో ఈ పనిమీద వెళ్ళే యువకులు, వారిని పంపే తల్లిదండ్రులు ముందుగా నాలుగు విషయాలు తెలుసుకోవాలని ఈ పాఠం వ్రాస్తున్నాము.

1. మీ జుట్టు ఎందుకు రాలుతోంది?

రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు రాలడం సహజం. టైఫాయిడ్, డెంగీ వంటి జ్వరాల తరువాత, కాన్పు తరువాత రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. కంగారు పడవద్దు, చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. రక్తహీనత, థైరాయిడ్ జబ్బు ఉంటే వాటికి చికిత్స కావాలి. పేనుకొరుకుడు, తలలో తామర ఉన్నప్పుడు జుట్టు నాటించుకోరాదు. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్నది అపోహ. చర్మం లోపలి కుదురును కత్తి మార్చలేదు.

మగవారి బట్టతల వేరు. వంశపారంపర్యంగా, పురుష హార్మోను ప్రభావం వలన నుదురు, నడినెత్తి మీది కుదుళ్ళు క్రమంగా చిన్నవైపోతాయి. తల వెనుక, ప్రక్కల ఉన్న కుదుళ్ళు ఆ హార్మోనుకు లొంగవు. అమెరికాలో డాక్టర్ నార్మన్ ఓరెంట్రైక్ 1952లో మొదలుపెట్టి, 1959లో ప్రకటించిన పద్ధతికి ఆధారం ఇదే. వెనుక నుండి తీసి ముందు నాటినా ఆ కుదురు తన గుణం పోగొట్టుకోదు.

2. నాటడం అంటే ఏమిటి?

మన ప్రాంతంలో మిరప నారు పోసి, పీకి, చేలో నాటడం అందరూ ఎరిగినదే. ఇదీ అటువంటిదే. తేడా ఏమిటంటే, నారుమడిలో మళ్ళీ విత్తనం చల్లవచ్చు. తలలో తీసినచోట మళ్ళీ మొలవదు. కనుక ఇది కొత్త జుట్టు పుట్టించడం కాదు, ఉన్నదానిని సర్దడం మాత్రమే.

తల నిండా సుమారు 1 లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్క కుదురులో 1 నుండి 4 వరకు ఉంటాయి. 2,000 కుదుళ్ళు నాటితే వచ్చేది దాదాపు 4,000 వెంట్రుకలు. పూర్వపు జుట్టంతా వస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఇరవై ఏళ్ళకే తొందరపడితే, తరువాత బట్టతల పెరిగినప్పుడు నాటినది ముందు ఒక పాయగా మిగిలి, వెనుక ఖాళీ అవుతుంది.

పద్ధతులు రెండు. ఎఫ్.యు.టి.లో చర్మాన్ని పట్టీలా కోసి కుట్లు వేస్తారు, గీతలాంటి మచ్చ మిగులుతుంది. ఎఫ్.యు.ఇ.లో ఒక్కొక్క కుదురును సన్నని గొట్టం వంటి పరికరంతో తీస్తారు, చుక్కల్లాంటి మచ్చలు పడతాయి. రెండూ ఆపరేషన్లే.

3. ప్రమాదం ఎక్కడ ఉంది?

ఈ పని గంటల తరబడి సాగుతుంది. తలకు మత్తు ఇంజెక్షన్లు అనేకం ఇస్తారు. ఆ మందుకు శరీర బరువును బట్టి పరిమితి ఉంది. మించితే నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, ఫిట్స్ వచ్చి గుండె కూడా ఆగవచ్చు. అరుదుగా మందు పడక ఊపిరి అందకపోవచ్చు.

2016లో చెన్నైలో వైద్యవిద్య చదువుతున్న యువకుడే జుట్టు నాటించుకున్న తరువాత మరణించాడు. ఆ కేంద్రానికి ఉన్నది సెలూన్ లైసెన్సు అని విచారణలో తేలింది. 2021లో ఢిల్లీలో మరొక యువకుడు ఇన్ఫెక్షన్ రక్తంలో వ్యాపించి చనిపోయాడు. 2022లో జాతీయ వైద్య కమిషన్ మార్గదర్శకాలు ఇస్తూ, వర్క్‌షాపులలోనో వీడియోలలోనో చూసి నేర్చుకున్నది ఈ ఆపరేషన్‌కు చాలిన శిక్షణ కాదని చెప్పింది.

4. డబ్బు కట్టకముందే అడగండి

- చేసేది చర్మవైద్య నిపుణులా, ప్లాస్టిక్ సర్జనా? మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఏది?
- ఆయన మొదటి నుండి చివరి వరకు గదిలో ఉంటారా?
- ఆసుపత్రికి రిజిస్ట్రేషన్ ఉందా? మన రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం ప్రైవేటు ఆసుపత్రులు రిజిస్టరు చేసుకోవాలి.
- ఆక్సిజన్, అత్యవసర మందులు, వాటిని వాడటం తెలిసినవారు ఉన్నారా?
- బి.పి., షుగరు, రక్తం గడ్డకట్టే సమయం, హెచ్.ఐ.వి., కామెర్ల పరీక్షలు చేస్తారా?

వాడుతున్న మందులు, ఇదివరకు పడని మందులు దాచకుండా చెప్పండి. గుండెజబ్బుకు వాడే ఆస్పిరిన్ వంటివి సొంతంగా ఆపవద్దు. పొగ, మద్యం మానండి.

5. చేయించుకున్న తరువాత

నుదురు, కళ్ళ చుట్టూ రెండు మూడు రోజులు వాపు ఉండవచ్చు. పొక్కులు గీకవద్దు, వారం పది రోజుల్లో అవే రాలతాయి. రెండు నుండి ఆరు వారాల్లో నాటిన వెంట్రుకలు కూడా రాలిపోతాయి. భయపడవద్దు, కుదురు లోపల ఉంటుంది. మూడు నాలుగు నెలలకు మొలక కనిపిస్తుంది, పూర్తి ఫలితానికి ఏడాది పడుతుంది. కనుక వచ్చే నెల ముహూర్తం పెట్టుకొని ఈ నెల వెళ్ళడం వృథా. మిగిలిన జుట్టు నిలవడానికి డాక్టరు మందులు వ్రాస్తే మానకుండా వాడాలి. ఫినాస్టెరైడ్ బిళ్ళలు విరిగినవైతే గర్భవతులు ముట్టుకోరాదు.

జ్వరం, చీము, పెరిగే నొప్పి, చర్మం నల్లబడటం కనిపిస్తే ఆ రోజే వైద్యుని వద్దకు వెళ్ళండి. ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి.

గుర్తుంచుకోండి: బట్టతల ప్రాణం తీయదు. తెలియని చేతిలో కత్తి తీయవచ్చు. చేసేవారి పేరు, అర్హత తెలియనిచోట కుర్చీలో కూర్చోవద్దు. సందేహం ఉంటే ముందు మా ఓ.పి.కి వచ్చి అడగండి. అడిగినందుకు మేము ఎవరినీ నవ్వము.