మనసుకూ జబ్బు చేస్తుంది, దాచిపెట్టొద్దు



మన హాస్టల్లో రోజుకి ఎన్నిసార్లు "మెంటలోడా", "తిక్కలోడా" అని అనుకుంటామో ఎవరైనా లెక్కపెట్టినారా? నేను ఒక ఆదివారం లెక్కపెట్టినా. పొద్దున టిఫిన్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా 23 సార్లు విన్నా. అందులో 4 సార్లు అన్నది నేనే.

పోయిన సంవత్సరం మా గదిలో ఒక పిల్లోడు ఉండేవాడు. అన్నం సగం వదిలేసేవాడు. రాత్రిపూట నిద్రపోకుండా గోడవైపు తిరిగి పడుకొనేవాడు. "వీనికి దయ్యం పట్టింది" అని మేము నవ్వినాము. సంక్రాంతి సెలవులకు ఊరికి పోయినోడు మళ్లీ రాలేదు. వానికి జబ్బు ఉండెనో లేదో నాకు తెలియదు. మాలో ఒక్కడు కూడా "ఏమైందిరా?" అని అడగలేదు, అది మాత్రం తెలుసు. అందుకే ఈ పాఠం రాస్తున్నా.

మనసు జబ్బు అంటే ఏమి?

గుండె, ఊపిరితిత్తుల మాదిరి మెదడు కూడా ఒక అవయవమే. దానికీ జబ్బు చేస్తుంది. అందులో ముఖ్యమైనవి మూడు చెప్తాను.

దిగులు జబ్బు (డిప్రెషన్): రెండు వారాలకు మించి రోజంతా దిగులుగా ఉండడం, ఆటల మీద, చదువు మీద ఇష్టం పోవడం, నిద్ర, ఆకలి తప్పడం.

ఆందోళన జబ్బు: చిన్న విషయానికే గుండె దడ, చెమటలు, ఊపిరాడనట్టు ఉండడం, అది ఎన్నాళ్లకూ తగ్గకపోవడం.

స్కిజోఫ్రీనియా: ఎవరూ లేకున్నా మాటలు వినిపించడం, అందరూ తనకు కీడు చేస్తున్నారని నమ్మడం. మన ఊళ్లల్లో దీన్నే గాలి సోకింది, చేతబడి చేసినారు అంటారు.

కొత్తగా హాస్టల్‌కి వచ్చి, ఇల్లు గుర్తొచ్చి నాలుగు రోజులు ఏడిస్తే అది జబ్బు కాదు. ఏడుపు తగ్గకుండా తిండి, నిద్ర, చదువు అన్నీ పాడైతే అప్పుడు పెద్దవాళ్లకు చెప్పాలి.

ఇవి ఎందుకు వస్తాయంటే కారణం ఒక్కటే ఉండదు. వంశంలో ఉండవచ్చు, మెదడు పనిలో మార్పులు రావచ్చు. అయినవాళ్లు చనిపోవడం, ఇంట్లో అప్పులు, తాగుడు, కొట్లాటలు కూడా కారణం కావచ్చు. ఇది పాపఫలం కాదు, అంటువ్యాధి అంతకన్నా కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల వయసులో ప్రతి 7 మందిలో ఒకరికి ఏదో ఒక మానసిక ఇబ్బంది ఉంటుంది. భోజనాల దగ్గర మీ వరుసలో 7 మందిని లెక్కపెట్టి చూడండి.

ఆరోగ్యవరం చెప్పే పాఠం

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆసుపత్రి మొదలైంది. అప్పటికి క్షయను నయం చేసే మందు లేదు. క్షయ పేరు చెప్తేనే జనం భయపడేవాళ్లు, ఇంట్లో రోగి ఉంటే దాచేవాళ్లు. 1940ల నుంచి మందులు రావడం మొదలైంది. ఇప్పుడు క్రమం తప్పకుండా మాత్రలు మింగితే క్షయ నయమవుతుంది.

ఇంకో వింత వినండి. 1952లో అమెరికాలో ఇప్రోనియాజిడ్ అనే కొత్త మందును క్షయ రోగులకు ఇచ్చినారు. ఊపిరితిత్తుల కోసం ఇచ్చిన ఆ మందుతో కొందరికి దిగులు కూడా తగ్గి ఉత్సాహం వచ్చింది. దిగులు జబ్బుకు వాడిన మొదటి మందుల్లో అది ఒకటి అయ్యింది. కాలేయానికి చెడు చేస్తుందని తర్వాత దాన్ని మానేసినారు. అంతకంటే మంచివి వచ్చినాయి. మాత్రతో తగ్గే దిగులు దయ్యం ఎట్లా అవుతుంది?

దాచితే, కట్టేస్తే ఏమవుతుంది?

తమిళనాడులో రామనాథపురం జిల్లా ఏర్వాడిలో మనసు జబ్బు ఉన్నవాళ్లను ఒక పాకలో గొలుసులతో కట్టి ఉంచినారు. 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున పాకకు నిప్పంటుకుంది. గొలుసులు విడిపించుకోలేక 28 మంది చనిపోయినారు. 2017లో మన దేశం మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేసింది, 2018 మే 29 నుంచి అది అమలులో ఉంది. దాని ప్రకారం రోగిని గొలుసుతో కట్టకూడదు. వైద్యం పొందడం రోగి హక్కు.

పాము కరిచినోణ్ణి చూసి ఎవరూ నవ్వరు, దాచరు. ఆలస్యం చేస్తే ప్రమాదమని మోసుకొని పరుగెత్తుతారు. మనసు జబ్బుకు కూడా అట్లే త్వరపడాలి. ఇంట్లోవాళ్లు గుడికి పోతే, దర్గాకు పోతే వద్దని చెప్పను. మొక్కు మొక్కుకోవచ్చు, డాక్టరు ఇచ్చిన మాత్ర మాత్రం మానకూడదు. మన తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

మనం చేయవలసినవి

1. "మెంటల్", "పిచ్చి" అనే మాటలను తిట్లుగా వాడకూడదు.

2. ఎవరైనా మాట్లాడకుండా, తినకుండా ఉంటే పక్కన కూర్చొని "ఏమైంది?" అని అడగాలి. సలహాలు తర్వాత, ముందు వినాలి.

3. ఎవరైనా "బతకాలని లేదు" అంటే అది రహస్యం కాదు. వాణ్ణి ఒంటరిగా వదలకుండా వెంటనే వార్డెన్ సార్‌కి చెప్పాలి. స్నేహితుని మాట దాచడం కన్నా స్నేహితుడు ముఖ్యం.

4. టెలి మానస్ ఫోన్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రి పగలు ఎప్పుడైనా చేయవచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

5. వార్డెన్ సార్లకు మనవి: ఎవరైనా తన బాధ చెప్పుకుంటే ప్రేయర్‌లో అందరి ముందు ఆ మాట ఎత్తవద్దు. 14416 నంబరును ఆఫీసు ఫోన్ పక్కన గోడ మీద రాయించండి.

మా గదిలో ఆ పిల్లోని చోటు ఇంకా ఖాళీగానే ఉంది. వాడు తిరిగి వస్తే నేను మొదట అడగబోయే మాట సిద్ధంగా ఉంది. వచ్చే ఆదివారం మళ్లీ లెక్కపెడతా. 23 ఎంతకు తగ్గుతుందో చూద్దాం.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి, 10వ తరగతి