పికప్ స్టీరింగ్ బరువెక్కిందా? ముందు జాకీ తీయండి

మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ దిగుతుంటే మలుపు మీద మలుపు. చింతపండో, కొండచీపుర్లో, సంత సరుకో ఎత్తుకున్న పికప్ దిగుడులో బరువంతా ముందు చక్రాల మీదకి తోసేస్తుంది. చదును రోడ్డు మీద కాస్త బిగుతుగా అనిపించిన స్టీరింగ్ అక్కడ రెండు చేతులా లాగినా సమయానికి తిరగదు. అందుకే అనుమానం వచ్చిన రోజే, బండి ఖాళీగా ఉన్నప్పుడే చూసుకోవాలి. స్టీరింగ్ టైట్ అనగానే "పంపు మార్చేద్దాం" అనే మాటకి తలూపకండి. పంపు చివర చూడాల్సింది. ఖర్చు లేనివి ముందు చూడాలి. పైగా సామాను కోసం రాజమండ్రి దాకా దిగాల్సి రావచ్చు, ఏది పాడైందో తెలియకుండా దిగితే డబ్బూ రోజూ రెండూ పోతాయి.

ముందుగా మీ బండికి పవర్ స్టీరింగ్ ఉందో లేదో తెలుసుకోండి. బొలెరో పికప్ లాంటివాటిలో ఆయిల్‌తో పనిచేసే పవర్ స్టీరింగ్ ఉంటుంది. పాత టాటా ఏస్‌ల్లో ఉండదు. టాటా ఇంట్రా లాంటి కొన్ని బండ్లలో కరెంటు మోటారుతో నడిచేది ఉంటుంది. దీనికైతే మీటరు దగ్గర స్టీరింగ్ లైటు వెలిగిందా, బ్యాటరీ వీక్ అయిందా అన్నవి చూసి ఎలక్ట్రీషియన్‌కి చూపించడమే మేలు.

తర్వాత టైర్లు. బండి చల్లగా ఉన్నప్పుడు ముందు టైర్ల గాలి కొలిపించండి. ఎంత ఉండాలో బండి పుస్తకంలోనూ, చాలావాటికి డోరు దగ్గర అంటించిన స్టిక్కరు మీదా ఉంటుంది. గాలి తగ్గిన టైరు రోడ్డుకి ఎక్కువ ఆనుతుంది, నిలబడి తిప్పితే మరీ బరువు. కంపెనీ చెప్పినదానికంటే వెడల్పు టైర్లు వేయించినా ఇదే తంతు.

గాలి సరిగ్గా ఉన్నా బరువు తగ్గలేదంటే జాకీ పరీక్ష చేయాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఈ ఒక్కటి వంటబట్టించుకుంటే సగం మెకానిక్ అయినట్టే. చదునైన గట్టి నేల చూసుకుని, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకి అటూ ఇటూ రాళ్ళు పెట్టండి. ముందు చక్రాలు రెండూ నేల వదిలేలా లేపి స్టాండ్లు పెట్టండి. వట్టి జాకీ మీద ఉన్న బండి కిందకి తల పెట్టకండి. ఇంజిన్ ఆపే ఉంచి, తాళం తిప్పి స్టీరింగ్ లాక్ మాత్రం విడిపించి, ఈ కొస నుంచి ఆ కొస దాకా నెమ్మదిగా తిప్పండి.

గాల్లో కూడా గట్టిగా తిరిగితే తప్పు ఇనుములో ఉంది: బాల్ జాయింట్లు, కింగ్ పిన్లు, స్టీరింగ్ రాడ్ జాయింటు, లేదా స్టీరింగ్ బాక్సు. చేతికి తెలిసే ఒక గుర్తు ఉంది. స్టీరింగ్ ఒక్క చుట్టు తిరిగేలోపు రెండుచోట్ల బిగుసుకుని, మధ్యలో వదులవుతుంటే కింద రాడ్డుకి ఉన్న యూనివర్సల్ జాయింట్ తుప్పు పట్టిందన్న మాట. వానాకాలమంతా వాగులు దాటే బండ్లకి ఇది రావడం వింత కాదు. తుప్పు వదిలించే స్ప్రే కొడితే కొన్నాళ్ళు కదులుతుంది, కానీ మార్పించేయండి. గ్రీజు నిపుళ్ళు ఉన్నచోట ముందు గుడ్డతో మట్టి తుడవండి, లేకపోతే గన్‌తో మట్టినే లోపలికి ఎక్కిస్తారు. పాత నల్ల గ్రీజు బయటికొచ్చి కొత్తది కనబడేదాకా కొట్టండి. నిపుల్ లేని జాయింట్‌కి రబ్బరు బూటు చిరిగి ఉంటే ఆ జాయింటునే మార్చాల్సిందే. గుడిసె కొండకి రాళ్ళ దారిలో ఎక్కే బండ్లలో బూట్లు చిరగడం, టై రాడ్డు వంగడం రెండూ చూసుకోవాలి. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాకపోయినా ఈ జాయింట్లనీ, అలైన్‌మెంట్‌నీ అనుమానించండి. జాయింట్లు, రాడ్లు విప్పే పని మాత్రం మెకానిక్‌దే. విప్పి బిగించాక అలైన్‌మెంట్ తప్పనిసరి.

గాల్లో సాఫీగా తిరిగి, నేల మీద ఇంజిన్ నడుస్తున్నప్పుడు కూడా బరువుంటే పవర్ స్టీరింగ్ ఆయిల్, బెల్టు, పంపు, ఆ వరసలో చూడండి. ఆయిల్ డబ్బా మీద రెండు గీతలు ఉంటాయి, మట్టం వాటి మధ్య ఉండాలి. తగ్గితే పుస్తకంలో చెప్పిన రకమే పోయండి. బ్రేక్ ఆయిల్ పొరపాటున కూడా వద్దు, లోపలి సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. ఆయిల్ తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. గొట్టాలన్నీ పొడిగా తుడిచి, ఒకరు ఇంజిన్ ఆన్ చేసి స్టీరింగ్ తిప్పుతుంటే ఇంకొకరు దూరంగా ఉండి టార్చితో చూస్తే తడి ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది.

బెల్టుని ఇంజిన్ ఆపాకే ముట్టుకోవాలి. పగుళ్ళు, అద్దంలా మెరిసే నునుపు ఉంటే దాని పని అయిపోయింది. స్టీరింగ్ తిప్పినప్పుడు కీచుమంటుంటే బెల్టు వదులైంది. ఉన్నట్టుండి బరువెక్కి, బ్యాటరీ లైటు కూడా వెలిగితే బెల్టు తెగి ఉండొచ్చు. ఇంజిన్ వేడెక్కకముందే పక్కకి ఆపండి.

డబ్బాలో నురుగు కనబడితే ఎయిర్ పట్టింది. ఎయిర్ తీయడం మీరే చేయవచ్చు. ముందు చక్రాలు మళ్ళీ స్టాండ్ల మీద గాల్లో ఉంచి, ఇంజిన్ ఆపి, మూత తీసి, కొస నుంచి కొసకి ఓ ఇరవై సార్లు నిదానంగా తిప్పండి. మట్టం పడిపోతుంటే పోస్తూ ఉండండి, డబ్బా ఖాళీ అయితే మళ్ళీ మొదటికే. బుడగలు ఆగాక ఇంజిన్ ఆన్ చేసి మళ్ళీ తిప్పండి, కొసకి తాకగానే వదిలేయాలి, అక్కడ బిగబట్టి ఉంచితే పంపు వేడెక్కుతుంది. ఇంత చేసినా బరువు తగ్గకపోతే అప్పుడు పంపు ప్రెజర్ కొలిపించండి.

డీజిలు మిగులుతుందని ఘాట్‌లో ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో దిగేవాళ్ళకి చేతులెత్తి చెబుతున్నాను, ఆ పని చేయకండి. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ పంపు ఆగుతుంది, బ్రేక్‌కి సాయం చేసే వాక్యూమ్ కూడా నాలుగు తొక్కులకే అయిపోతుంది. మంచి స్టీరింగ్ కూడా ఆ క్షణాన బండరాయే. గేర్లోనే దిగండి.

బాగుచేశాక ఖాళీ బండితో రంపచోడవరం వైపు ఒకసారి వెళ్ళిరండి. మర్నాడు పొద్దున ఆయిల్ మట్టం మళ్ళీ చూడండి. గీత నుంచి కిందకి దిగితే లీకు ఇంకా ఉన్నట్టే, అది కట్టేదాకా లోడు వేయకండి.