కొలిచి పక్కన పెట్టు

తాడేపల్లిగూడెం,
ఆదివారం మధ్యాహ్నం.

చి. అమ్ములుకి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం మీ అమ్మ ఫోన్లో చదివి వినిపించింది. ఆనక పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి ఇస్తే మూడుసార్లు చదువుకున్నాను. జోర్డాన్‌లో తలదాచుకున్న సిరియా శరణార్థులకు దొరికేపాటి తిండే తిని వారం రోజులు ఉంటావనీ, నిన్ను చూసి నలుగురూ వేసే చందా శరణార్థులకి సాయపడే ఆక్ట్ ఫర్ పీస్ వాళ్ళకి వెళ్తుందనీ రాశావు. మంచి పని తల్లీ. వద్దనను. మీ అమ్మమ్మ మాత్రం "పిల్లకి అసలే రక్తం తక్కువ" అంటూ నిన్న రాత్రి కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టకుండా లేచిపోయింది. అందుకని ముందు నీ ఒంటి సంగతి. డాక్టరుతో ఒక మాట చెప్పు. ఐరన్ మాత్రలు మానొద్దు. కళ్ళు తిరిగితే ఆ పూటే ఆపేసి కడుపునిండా తిను. అందులో తప్పేం లేదు, నీకు చందా వేసినవాళ్ళు ఎవరూ నిన్ను పడిపోమని వెయ్యలేదు.

ఇక అసలు సంగతికొస్తాను. ఆ వారానికి సరుకుల పెట్టె వచ్చిన రోజునే తూకం వేసుకో.

నువ్వు రాసిన జాబితా చూశాను. బియ్యం, పిండి, మైసూరు పప్పు, శనగలు, రాజ్మా డబ్బా, చేపల డబ్బా, నూనె. అవన్నీ వంటింటి గట్టు మీద పెట్టుకుని, ఆకలేసినప్పుడల్లా గుప్పెడు తీసి వండుకుందాం అనుకుంటే నాలుగో రోజుకి అడుగు కనబడుతుంది. మొదటి రోజు ఎవరికైనా చెయ్యి ధారాళంగా ఉంటుంది. అందుకని బియ్యం ఏడు పొట్లాలు కట్టు. పప్పు ఏడు, శనగలు ఏడు. నూనె ఒక సీసాలో పోసి పక్కన ఏడు గీతలు గియ్యి. పొట్లాల మీద వారం పేరు రాయి. ఇరవై ఎనిమిదేళ్ళు మిల్లులో కాటా దగ్గర కూర్చున్నవాణ్ణి చెబుతున్నాను, కొలవని సరుకు ఎంతున్నా చాలదు. మీ ఇంట్లో కాటా లేకపోతే కొనుక్కో, డబ్బు నేను పంపుతాను.

మన రేషను కార్డు మీద మనిషికి నెలకి 5 కిలోల బియ్యం. 30 రోజులకి పంచి చూడు, రోజుకి 170 గ్రాములు కూడా రాదు. ఈ ఊళ్ళో ఇన్ని రైసు మిల్లులున్నాయి, మన వీధి చివరే నెలనెలా ఆ బియ్యంతో నెల వెళ్ళదీసే ఇళ్ళున్నాయి. ఆ లెక్క కూడా ఒకసారి కాగితం మీద వేసుకో.

నాకీ కొలతల పిచ్చి మా అమ్మ పెట్టింది. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం, దేశంలో తిండిగింజల కొరత. సోమవారం రాత్రి భోజనం మానమని లాల్ బహదూర్ శాస్త్రి గారు అడిగారు. నాకు పద్నాలుగేళ్ళు. బళ్ళో అందరం చేతులెత్తాం. మొదటి సోమవారం ఎనిమిదింటిదాకా ఉండి, పెరటి దారిన వంటింట్లోకి వెళ్ళి గుప్పెడు అటుకులూ బెల్లం ముక్కా తినేశాను. అమ్మ చూసింది, ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న నన్ను పిలిచి, రాత్రి మనం ఆరుగురం తిని ఉంటే ఎంత పొయ్యాల్సొచ్చేదో అన్ని బియ్యం తవ్వతో కొలిపించి, వేరే కుండలో పోయించింది. "తినకపోతే మిగిలినట్టు కాదురా, కొలిచి పక్కన పెడితే మిగిలినట్టు" అంది. అందులోంచి నా వంతు ఒక సోలెడు నా చేతే వెనక్కి తీయించింది. నేను మానలేదు కదా మరి. ఆ సోలెడు బియ్యం డబ్బాలోకి తిరిగి పోస్తుంటే పడిన సిగ్గు ఇప్పటికీ ఉంది.

అందుకే నిన్ను అడుగుతున్నాను, ఆ వారం నువ్వు తాగని కాఫీ, కొనని కూర, వెళ్ళని హోటలు, అన్నిటికీ రోజూ రాత్రి లెక్క రాసి ఆ డబ్బు కూడా చందాలో వెయ్యి. ఊరివాళ్ళ చందాతో పాటు నీ కడుపులోంచి తీసింది కూడా ఉండాలి.

బంగారం, నీకు ఉల్లిపాయ లేకపోతే పప్పు దిగదు. అది తలుచుకుంటే నాకే బెంగగా ఉంది. పొద్దున్న మార్కెట్టు యార్డు పక్క నుంచి వస్తుంటే లారీల్లోంచి బస్తాలు దించుతున్నారు, దారంతా ఉల్లి వాసనే. సిరియా వాళ్ళకి పప్పూ బియ్యం కలిపి వండి, పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు వేసుకునే వంటకం ఒకటుంది, ముజద్దరా అంటారట. అంటే ఆ పెట్టెలో ఉల్లిపాయ లేకపోవడం వాళ్ళకీ మనకిలాగే లోటు. చందా పెరిగిన కొద్దీ ఒక కూరగాయో ఒక మసాలా దినుసో కలుపుకోవచ్చని రాశావు కదా, నువ్వు ఉల్లిపాయే అడుగు.

శరణార్థులంటే ఎక్కడో ఉన్నవాళ్ళే కాదు, మన రంగం తాత సంగతి నీకు తెలిసిందే. 1942లో రంగం, అంటే రంగూన్, జపాను వాళ్ళ చేతుల్లోకి పోయినప్పుడు అడవుల వెంట నడిచి వచ్చినవాడు. నాకు గుర్తున్న తాత ముసలాయన. రోజూ పడుకోబోయే ముందు బియ్యం డ్రమ్ము మూత తీసి, చెయ్యి లోపలికి పెట్టి చూసుకునేవాడు. నిండుగా ఉన్నా చూసేవాడు. 1964 తర్వాత బర్మా నుంచి ఇంకో విడత మనవాళ్ళు కట్టుబట్టలతో వచ్చారు, విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. అదే దేశం నుంచి వచ్చిన రోహింగ్యాలు ఇవాళ హైదరాబాదు బాలాపూర్ గుడిసెల్లో ఉన్నారు. 1971లో తూర్పు బెంగాల్ నుంచి కోటి మంది దాకా వచ్చినప్పుడు, మేం వేసే ఉత్తరం మీద వాళ్ళ కోసం 5 పైసల తపాలా బిళ్ళ ఒకటి అదనంగా అంటించేవాళ్ళం. నాకప్పటికి ఇరవై. మీ అమ్మమ్మతో పెళ్ళి కుదిరిన కొత్త. కొల్లేటి లంకలో ఉన్న ఆవిడకి నేను రాసిన ప్రతి కవరు మీదా ఆ బిళ్ళ ఉంది. ఆవిడ వాటిని ఇప్పటికీ దాచింది, వచ్చినప్పుడు చూపిస్తుంది.

ఎవరితోనూ చెప్పని సంగతి ఒకటి రాస్తాను. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచేసింది. వేలాది మంది పోయారు. మా మిల్లు నుంచి బియ్యం లారీ వెళ్తే, కొలవడానికి నన్ను పంపారు. అవనిగడ్డ దాటాక ఒక ఊళ్ళో మనిషికి రెండు మానికలు చొప్పున పోస్తున్నాను. అందరికీ సమంగా రావాలని మానిక నింపి, అంచు మీద అరచేత్తో తుడిచి మరీ పోస్తున్నాను. ఒక పెద్దాయన కండువా పరిచాడు. మొదటి మానిక పడగానే "లాభం" అన్నాడు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు కదా, లాభం అంటారు. ఆయన జీవితమంతా పుట్లకు పుట్లు కొలిచి, కూలీలకి ఇంకో గుప్పెడు పైన వేసిన రైతయి ఉంటాడు. ఇల్లు లేదు, పశువు లేదు, ఇంట్లో ఎవరు మిగిలారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అలవాటుగా నోట్లోంచి వచ్చిన ఆ మాటకి ఆయనే తల దించుకున్నాడు. రెండో మానిక నింపి, చెయ్యి అలవాటుగా అంచు మీదికి పోయింది. ఆయన నా అరచేతి వంకే చూశాడు. నేను తుడిచేశాను అమ్ములూ. వెనక అంత వరస ఉంది, బియ్యం చాలవేమోనని భయం. ఆ చూపు మాత్రం నలభై ఏళ్ళు దాటినా నన్ను వదల్లేదు.

నీ ఉత్తరం చదువుతుంటే అదే గుర్తొచ్చింది. ఆ వారం కొలిచేదీ నువ్వే, తినేదీ నువ్వే. వాళ్ళకి కొలిచే చెయ్యి వేరే. 2023లో నిధులు చాలక ప్రపంచ ఆహార కార్యక్రమం జోర్డాన్‌లో శరణార్థులకిచ్చే సాయాన్ని మూడో వంతు తగ్గించింది. మూడు మానికలు పోసేచోట రెండే పోసినట్టు. ఎవర్ని అడుగుతారు? నువ్వు పోగుచేసే డబ్బు వెళ్ళాల్సింది ఆ మూడో మానికలోకి. చందా అడిగేటప్పుడు నీ నీరసం మొహం ఫోటో పెట్టకుండా ఈ సంగతి చెప్పు. అక్కడ శరణార్థుల కోసం జాతారీ శిబిరం 2012లో పెట్టారు, అక్కడ పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికెళ్తున్నారు. వాళ్ళ గురించి చెప్పు.

నా వంతు కూడా వెయ్యి. షుగరు మనిషిని, పూట మానితే మీ అమ్మమ్మ ఊరుకోదు. రాత్రి నాకు పోసే బియ్యంలో సగం తగ్గించి, ఆ సగం ఈ నెలంతా డబ్బాలో కొలిచి పోయిస్తున్నాను. నెలాఖరుకి లెక్కగట్టి మీ అమ్మ చేత పంపిస్తాను. తుడిచి కొలవడం లేదులే.

చేపల డబ్బా మూడో రోజు దాకా విప్పకు. శనగలు రాత్రే నానబెట్టు. గంజి పారబొయ్యకు, చల్లారాక తాగు. నాలుగో రోజు మాకు సాయంత్రం నాలుగింటికి, అంటే మీకు రాత్రి ఎనిమిదిన్నరకి, ఫోన్ చెయ్యి. ఆ రోజు బియ్యం పొట్లాలు ఎన్ని మిగిలాయో చెప్పు. మూడు ఉండాలి. మీ అమ్మమ్మ ఫోన్ దగ్గరే కూర్చుంటుంది, నీ గొంతు నీరసంగా ఉంటే కనిపెట్టేస్తుంది, అందుకని కాస్త మంచినీళ్ళు తాగి మాట్లాడు.

ఆశీస్సులతో,
తాతయ్య