చుక్కల బొమ్మకు ఎముకలు

1981లో జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ ‘డాంకీ కాంగ్’ అనే వీడియో క్రీడను విడుదల చేసింది. అందులో దొర్లివచ్చే పీపాల మీదుగా దూకే చిన్న మనిషే తరువాత మారియోగా లోకప్రసిద్ధుడయ్యాడు. అతనిని రూపొందించిన షిగేరు మియామోటోకు లభించిన చోటు నిలువునా అడ్డంగా 16 చుక్కల చదరం మాత్రమే. అంత ఇరుకులో నోరు గీయడం కుదరక మీసం పెట్టాడు. కదిలే జుట్టును చూపలేక టోపీ తొడిగాడు. చేతుల ఊపు స్పష్టంగా కనబడేందుకు దుస్తులకు రెండు రంగులు వేశాడు. కొరతే ఆ బొమ్మకు రూపమిచ్చిందనడం అతిశయోక్తి కాదు.

నేడు అటువంటి బొమ్మను మొబైల్ ఫోన్‌లోనే కదిలించవచ్చు. తల, మొండెం, చేతులు, కాళ్ళను వేర్వేరు పొరలుగా విడదీసి, వాటికి ఎముకల వంటి అదృశ్యరేఖలను అమర్చాలి. దీనినే రిగ్గింగ్ అంటారు. నడుము ఎముక మూలం. తొడ కదిలితే పిక్క, పాదం దానిని అనుసరిస్తాయి. తోలుబొమ్మల కీళ్ళను దారంతో కూర్చే కళాకారులకు ఈ సూత్రం చిరపరిచితమే! ముఖ్యమైన భంగిమలను కీఫ్రేములుగా నిర్ణయిస్తే, నడిమి భంగిమలను యంత్రమే పూరిస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఎముకతోపాటు చుక్కలు వాలినప్పుడు వాటి చదరపు అంచులు చెదిరిపోతాయి. పైగా యంత్రం పూరించిన నడక నీటిమీద జారినట్లు సాగుతుంది. పాత క్రీడలోని ఆగి ఆగి కదిలే సొగసు మాయమవుతుంది. అందుచేత ఆ సొగసు కోరేవారు యంత్రపు పూరింపును నిలిపివేసి, ఒక భంగిమ నుండి మరొక భంగిమకు బొమ్మ ఒక్కసారిగా మారేటట్లు చేస్తారు. చెదిరిన చుక్కలను ఒక్కొక్కటిగా చేతితో సరిదిద్దుతారు.