పరాయి ఇంట్లో ఏడాది

ప్రశ్న: మాది కరీంనగర్. సూరత్ దగ్గర ఇచ్ఛాపోర్‌లో ఉంటున్నాం. పదో తరగతి చదివే మా అమ్మాయి ఎక్స్ఛేంజ్ విద్యార్థినిగా ఏడాది అమెరికా వెళ్తానంటోంది. ముక్కూమొహం తెలియని వాళ్లింట్లో ఎలా ఉంచడం?

జవాబు: మీ భయం సహజమేనమ్మా. 1947 నుంచి విద్యార్థుల మార్పిడి నడుపుతున్న ఏఎఫ్‌ఎస్‌ అనే సంస్థకు మన దేశంలోనూ శాఖ ఉంది. అక్కడ ఆతిథ్యమిచ్చే ఇంట్లో 18 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరి నేరచరిత్రా పరిశీలించాకే పిల్లల్ని పంపాలన్నది అమెరికా నిబంధన. ఆ కుటుంబానికి డబ్బు ఇవ్వరు, ఇష్టపడి చేర్చుకుంటారు. డాలస్‌లో బాబాయి ఉన్నాడుగా అంటారేమో, చుట్టాలింట్లో ఉండటం కుదరదు! మాంసం తినకపోతే దరఖాస్తులోనే రాయండి. అంట్లు తోమడం, పక్క సర్దుకోవడం ఇప్పుడే అలవాటు చేయండి. మొదటి నెల బెంగపడి ఏడుస్తుంది. రోజూ గంటలకొద్దీ వీడియో కాల్ చేస్తే ఆ బెంగ ముదురుతుంది, వారానికోసారి చాలు. తిరిగొచ్చాక ఏ తరగతిలో చేర్చుకుంటారో మాత్రం వెళ్లకముందే ప్రిన్సిపాల్‌తో రాయించుకోండి.