చలి సరే, ఆ చీకటి సంగతేంది చెల్లే?

కోదాడల ఏ ఫంక్షన్‌కు పోయినా ఇదే ముచ్చట. "బిడ్డ కాన్పు చలికాలంల పడ్డది అక్కా, అమెరికా పోవాలె, ఎట్లుంటదో" అని. సూర్యాపేటల, మిర్యాలగూడల గూడ అంతే. ఏ వాడకట్టు చూసినా అమెరికాల ఒక పిల్లో పిలగాడో ఉన్నరాయె.

నేను చికాగో పోయింది నడి చలికాలంల. ముందుగాల ఒకటి చెప్త, చలికి బెదరకు. అక్కడ జనవరి రాత్రులు మామూలుగనే మైనస్ 7 డిగ్రీలు. 1985 జనవరి 20న అయితే దాదాపు మైనస్ 33కు పడ్డదట. వింటే గుండె జారుతది గని, ఆ చలంతా బయటనే. ఇంట్ల హీటరు నడుస్తనే ఉంటది. సంక్రాంతి ముందట మన బండల మీద తెల్లారగట్ల కాలు పెడితే జివ్వుమంటది సూడు, అక్కడ అదీ లేదు.

ఆ హీటరుతోనే అసలు తంటా. గాలిల తడి ఉండదు. పెదవులు, మడమలు పగులుతయి. సిల్కు చీర కుచ్చిళ్లు కాళ్లకు అతుక్కుంటయి, తలుపు పిడి పట్టుకుంటే టక్కున షాకు కొడతది. అది కరెంటు కాదు, పొడిగాలి మహిమ. కొబ్బరినూనె సీసాల గడ్డకడుతది, నువ్వుల నూనె తీసుకపో.

ఊరు చూపిస్తనని బిడ్డ మిషిగన్ సరస్సు ఒడ్డుకు తీసుకపోయింది. సరస్సంటే మన నాగార్జునసాగర్ అంత ఉంటదనుకునేరు! సాగర్ నీళ్లు పరుచుకునేది 285 చదరపు కిలోమీటర్లు, ఇది 58 వేలు. అవతలి గట్టు కానరాదు. ఒడ్డెంబడి నీళ్లు పలకలు పలకలుగ గడ్డకట్టి ఒకదాని మీదొకటి ఎక్కినయి. అల వచ్చినప్పుడల్లా ఆ పలకలన్నీ కిర్రుమంటున్నయి. ఎంతసేపు నిలబడ్డనో, బిడ్డ చెయ్యి పట్టి లాగితే గని కదల్లే.

రైలు పట్టాల పక్కన మంటలు గూడ చూసిన. పట్టాలు మారే కాడ మంచు గడ్డకడితే కదలవని గ్యాసు మంటలు పెడతరట. స్టేషన్ల బటన్ నొక్కితే నెత్తి మీద హీటరు ఎర్రగ వెలుగుతది. అందరూ దాని కిందికి చేరుతరు, ఒక్కరు గూడ పలకరించుకోరు!

నాకు మస్తు నచ్చినయి కుర్చీలు. మంచు పారతోని ఎత్తిపోసి కారుకు జాగ చేసుకున్నోళ్లు, పోయేటప్పుడు అక్కడ పాత కుర్చీ పెట్టిపోతరు. సూర్యాపేట బస్టాండుల కిటికీలకెల్లి దస్తీ ఏసి సీటు ఆపినట్టే. అంత పెద్ద దేశంల గూడ ఈ బుద్ధి ఉన్నదని తెలిసినంక కొంచెం ధైర్యమొచ్చింది.

ఇగ చీకటి. డిసెంబర్ల సాయంత్రం 4:20కే పొద్దుగూకుతది. బిడ్డ, అల్లుడు అప్పటికింకా పనిలనే ఉంటరు. కిటికీ కాడ నిలబడితే తోవల మనిషి జాడ లేదు. మన దిక్కు అది పాలాయన వచ్చే యాళ్ల, కూరగాయల బండి కాడ బేరాలాడే యాళ్ల. ఫోన్ చేద్దామంటే ఇక్కడ తెల్లారగట్ల 4 కావస్తది, అందరూ నిద్రల ఉంటరు. కడుపుల దేవినట్టయితది. స్వెట్టరు కొనుక్కోమని నాకు నూరుమంది చెప్పిండ్రు, ఈ సంగతి ఒక్కరూ చెప్పలే.

అందుకే పగలు ఎండ కనపడంగనే కోటేసుకొని కాసేపు నడువు. ఎండున్నదని మోసపోకు, మబ్బు లేని రోజే చలి ఎక్కువ. ఆదివారం చికాగో పక్కన అరోరాల ఉన్న బాలాజీ గుడికి తీసుకపొమ్మను. 1986ల ప్రతిష్ఠ చేసిన గుడి, పెద్దది. బూట్లు విప్పుకునే కాడనే మనోళ్లు మాట కలుపుతరు. నా పక్కనామెను "మీదేవూరు" అంటే "హుజూర్‌నగర్" అన్నది. ఇగ చూసుకో, ప్రసాదం చేతులనే చల్లారింది.

పెట్టెల మందపు స్వెట్టరు కుక్కకు. పల్చటియి రెండు మూడు ఒకదాని మీదొకటి తొడుగు. బూట్లు అక్కడనే కొనుక్కో, మన దిక్కువి మంచు మీద జారుతయి. ఇయ్యాలనే బిడ్డకు ఫోన్ చెయ్యి. ఆ చుట్టుపక్కల మనసొంటి తెలుగు తల్లులు ఎవరున్నరో, వాళ్ల నంబర్లు రాసి పెట్టమని చెప్పు. సాయంత్రం నాలుగింటికి ఎత్తేటోళ్లయితే ఇంకా మంచిది.